50 నిమిషాలు కూర్చుంటే బొమ్మ వేసింది 13 నిమిషాలే: ఒక కేస్ స్టడీ

మొదటి రోజు ఆవిడ నా ఎదురుగా కూర్చుని అన్న మాట ఇది: "మేడమ్, నాకు రోజూ ఒక గంట దొరికేలా చేయండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను." నేనూ ఆ మాటే పట్టుకుని పని మొదలుపెట్టాను. ఆమెకు కావలసింది గంట కాదని నెల తిరిగాక గానీ నాకు అర్థం కాలేదు. సొంత లక్ష్యాలు ముందుకు కదలక బాధపడేవాళ్లతో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను, అయినా ఈ కేసులో నేను చేసిన పొరపాటు, దాన్నుంచి నేర్చుకున్నదీ వేరేవాళ్లకు పనికొస్తుందనిపించి పూర్తిగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 39. అకౌంట్స్ ఉద్యోగం, నెలాఖరు వస్తే ఊపిరాడదు. 11 ఏళ్ల పాప, 7 ఏళ్ల బాబు. భర్తకు షిఫ్టు డ్యూటీలు. అత్తగారికి ఒంట్లో బాగుండదు, ఆవిడ మందులు, డాక్టరు దగ్గరికి తిప్పడం ఎక్కువగా ఈమే చూసుకుంటుంది.

చేయాలనుకున్నవి ఒక కాగితం మీద రాయమంటే 7 రాసింది. వ్యాయామం, ఒక ఆన్‌లైన్ కోర్సు, ఇల్లు సర్దడం, ఇంకా ఏవేవో. వాటిలో నాలుగోది "బొమ్మల పుస్తకం". మిగతా వాటి గురించి మామూలుగానే చెప్పింది గానీ దీని దగ్గరకొచ్చేసరికి గొంతు మారింది. పిల్లల కోసం తనే కథ రాసి, తనే నీటి రంగులతో బొమ్మలు వేయాలనుకున్న 24 పేజీల పుస్తకం అది. మొదలుపెట్టి మూడేళ్లయింది, అయినవి 5 పేజీలు. గత ఏడాది మొత్తంలో అయింది ఒక్క పేజీ. పాప కోసం మొదలుపెట్టాను, పాప ఆ వయసు దాటిపోయింది, బాబు కూడా దాటిపోతాడేమో అంది. ఆ మాటతో ఏ లక్ష్యం మీద పనిచేయాలో నాకు తెలిసిపోవాలి. అప్పుడు తెలియలేదు, 7 లోంచి 3 తీసుకున్నాను.

ముందు రెండు వారాలు అరగంట అరగంటగా ఏం చేస్తోందో రాయించాను. వారానికి ఉండేవి 168 గంటలు. ఆమె లెక్కలో నిద్రకు 46, ఉద్యోగం ప్రయాణం కలిపి 54, ఇల్లు, పిల్లలు, అత్తగారి పనులకు 40, స్నానం భోజనం వగైరాలకు 12 పోయాయి. మిగిలిన 16లో 9 గంటలు ఫోను, టీవీ. 5 గంటలు ఇదీ అని చెప్పలేని చిల్లర పనులు. పుస్తకానికి 2 గంటలు.

ఆ 2 గంటల దగ్గర నేను ఆగి ఉండాల్సింది. అంటే ఆవిడ బొమ్మల ముందు కూర్చుంటూనే ఉంది! లాగ్ రాస్తున్నామన్న స్పృహతో మామూలు కంటే కొంచెం ఎక్కువ కూర్చుని ఉండొచ్చు, ఇలాంటి లెక్కల్లో అది ఎప్పుడూ ఉండేదే. అయినా వారానికి గంటో గంటన్నరో కూర్చునే మనిషికి ఏడాదికి ఒక్క పేజీ ఎలా అవుతుంది? ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. నా కళ్లు ఆ 9 గంటల ఫోను మీదే ఉన్నాయి.

నేను వేసిన మొదటి ప్లాన్

తెల్లవారుజామున 5 నుంచి 6 వరకు, రోజూ. వారంలో కొన్ని రోజులు పుస్తకం, కొన్ని రోజులు వ్యాయామం, కొన్ని రోజులు కోర్సు. రంగు రంగుల టైమ్‌టేబుల్ కూడా వేసిచ్చాను. చూడ్డానికి చాలా బాగుంది.

మొదటి వారం 5 రోజులు లేచింది. రెండో వారం 2 రోజులు. మూడో వారం ఒక్క రోజూ లేదు, నాకు ఫోన్ చేయడం కూడా మానేసింది. నేనే చేస్తే "నా వల్ల కాదేమో మేడమ్, నాకే క్రమశిక్షణ లేదు" అంది. ఆ మాట విన్నప్పుడు నిజంగా బాధేసింది, ఎందుకంటే తప్పు ప్లాన్‌ది, వేసింది నేను, నింద మాత్రం ఆమె తన మీద వేసుకుంటోంది. ఆరున్నర గంటలు పడుకునే మనిషి నిద్రలోంచి గంట కోసేశాను. మూడు లక్ష్యాలు పెట్టాను. ఒక్క రోజు తప్పితే సర్దుకోడానికి ఎక్కడా ఖాళీ వదల్లేదు.

ఎంత సమయం పడుతుందో తక్కువగా ఊహించుకోవడం మనుషులందరికీ ఉన్నదే. 1979లో డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని గురించి రాశారు, ఇంగ్లీషులో ప్లానింగ్ ఫాలసీ అంటారు. 1994లో రోజర్ బ్యూలర్, మరో ఇద్దరు పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులని చెప్పారు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే, అంటే భయపడి చెప్పిన లెక్క కూడా సరిపోలేదు. ఆవిడ పుస్తకం రెండు నెలల్లో అయిపోతుందని మొదలుపెట్టింది. నేను తెల్లవారుజాము 5 గంటలకు లేచే టైమ్‌టేబుల్ నిలుస్తుందనుకున్నాను. ఇద్దరిదీ ఒకే పొరపాటు, కాకపోతే నాకు ఈ విషయం చదివి తెలుసు.

ఆ 50 నిమిషాల్లో ఏం జరిగింది

టైమ్‌టేబుల్ పక్కన పెట్టేశాం. ఈసారి ఒకటే అడిగాను: ఎప్పుడు వీలైతే అప్పుడే కూర్చోండి, కానీ కూర్చున్న ప్రతిసారీ ఏ నిమిషానికి ఏం చేశారో రాయండి. నాలుగు సార్లు రాసుకొచ్చింది. వాటిలో ఒక బుధవారం రాత్రి, 9:40 నుంచి 10:30 వరకు, ఇలా ఉంది.

బీరువా పైనుంచి రంగుల పెట్టె, కాగితాలు దింపడానికి 6 నిమిషాలు. బల్ల మీద పిల్లల పుస్తకాలు తీసి చోటు చేసుకోడానికి 5. ఏ పేజీలో ఆగిందో చూసుకుంటూ, పాత పేజీలు తిప్పుతూ, మూడో పేజీలో పాప మొహం బాగా రాలేదని దిగులు పడుతూ 8. కథలో పాప గౌను రంగు కిందటిసారి ఎలా కలిపిందో గుర్తు రాక, మళ్లీ మళ్లీ కలిపి పోల్చుకుంటూ 14. మధ్యలో చెల్లెలి మెసేజ్‌కి జవాబు 4. కాగితం మీద బ్రష్ ఆడింది 13 నిమిషాలు. అప్పటికి నిద్ర ముంచుకొచ్చింది, అన్నీ ఎత్తి మళ్లీ బీరువా మీద పెట్టేసింది.

నాలుగు సార్లూ కలిపితే 195 నిమిషాలు కూర్చుంది, బ్రష్ పట్టింది 52 నిమిషాలు. నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ 52లో కూడా సగం పాత పేజీలను దిద్దడానికే పోయింది.

ఈ కాగితం చూసి ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అంది, "నేను ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను కదా." అవును. మూడేళ్లుగా ఆమె టైమంతా తినేసింది ఇదే. ఆగిన చోటికి తిరిగి చేరడానికే టైమంతా పోతోంది, చేరేసరికి లేవాల్సి వస్తోంది. అలాంటి మనిషికి రోజూ ఇంకో గంట ఇచ్చినా అందులో ముప్పాతిక ఇలాగే పోయేది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. నెలాఖరు రోజుల్లో కూర్చున్నప్పుడు ఆఫీసులో తేలని లెక్క ఏదో బుర్రలో తిరుగుతూనే ఉండేదట. సోఫీ లెరాయ్ 2009లో రాసిన పరిశోధనలో ఇదే ఉంది: ఒక పని తెగకుండా వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత ముక్క పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని ఆ మేరకు దెబ్బతింటుంది. 2011లో మాసికాంపో, బామైస్టర్ దీనికి దగ్గరి విషయమే పరీక్షించారు. అయిపోని పని మనసును పీకుతున్నప్పుడు దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా ప్లాన్ రాసుకుంటే చాలు, పని పూర్తికాకపోయినా ఆ పీకుడు తగ్గుతుందని తేలింది. మేం తర్వాత చేసిన వాటిలో నాకు బాగా నమ్మకం కలిగిన పద్ధతి ఇక్కడినుంచే వచ్చింది.

మార్చినవి

ముందు, ఒక్క లక్ష్యం. మిగతా ఆరూ ఇంకో కాగితం మీద రాసి పైన "ఇప్పుడు కాదు" అని పెట్టాం. ఇది చెప్పినంత తేలిగ్గా జరగలేదు. వ్యాయామం తీసేయడం ఆమెకు అస్సలు ఇష్టం లేదు, ఒక సెషన్ మొత్తం దాని మీదే గడిచింది. ఇప్పటికే చేస్తున్న సాయంత్రం నడక అలాగే ఉంచుదాం, దాన్ని పెంచాలని మాత్రం రాబోయే 12 వారాలూ అనుకోవద్దు అన్న దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. లక్ష్యాలు వదులుకోమంటే మనుషులకు తమలో ఒక భాగాన్ని వదులుకోమన్నట్టు ఉంటుంది, తొందరపెట్టకూడదు.

తర్వాత వేళలు. మంగళ, గురువారాలు రాత్రి 9:15 నుంచి 10 వరకు, శనివారం మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు. వారానికి మూడున్నర గంటలు. ఇది ఫోను, టీవీ సమయంలోంచి తీశాం, నిద్ర జోలికి వెళ్లలేదు. వేళ కంటే ముఖ్యం, ఏ పని తర్వాత కూర్చుంటుందో ఒక వాక్యంగా రాయించాను: "బాబు నిద్రపోయి గదిలో లైటు ఆర్పగానే, ఫోను హాల్లో పెట్టి, కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుంటాను." ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే తేల్చుకునే ఈ పద్ధతి మీద పీటర్ గోల్విట్జర్ చాలా పనిచేశారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరిశోధనలను కూడి చూస్తే, లక్ష్యాలు నెరవేరడంలో దీని ప్రభావం చెప్పుకోదగ్గంత ఉందని తేలింది. "ఈ వారం బొమ్మలు వేయాలి" అనుకోవడానికీ దీనికీ తేడా ఆవిడకు మొదటి వారంలోనే తెలిసింది, లైటు స్విచ్ మీద చెయ్యి పడగానే బల్ల గుర్తొచ్చేదట.

బల్ల గురించి ఇంట్లో మాట్లాడమన్నాను. కిటికీ దగ్గర చిన్న బల్ల ఒకటి ఈ పనికే వదిలేశారు. పని అయ్యాక ఎత్తిపెట్టడం లేదు, పైన ఒక గుడ్డ కప్పేయడమే. శనివారం ఆ రెండు గంటలు పిల్లల్ని, అత్తగారిని భర్త చూసుకోవాలి, డ్యూటీ పడితే ముందురోజే చెప్పాలి. ఇన్నేళ్లలో ఆయన్ని ఇలా సూటిగా అడగడం ఇదే మొదటిసారి అంది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు, తనకు ఈ పుస్తకం అంత ముఖ్యమని తెలియదన్నాడట.

రంగులకు ఒక అట్ట. కలిపిన ప్రతి రంగూ దాని మీద ఒక చుక్క పెట్టి, పక్కన ఏది ఎంత కలిపిందో రాయడం. ఆ 14 నిమిషాల వెతుకులాట దీంతో పోయింది.

పాత పేజీలు కవర్లో పెట్టి పాప చేతికిచ్చేశాం, 24వ పేజీ అయ్యేదాకా అడిగినా ఇవ్వొద్దని. ఈ రూలు ఆవిడకు నచ్చలేదు, రెండుసార్లు పాప దగ్గర బతిమాలి తీసుకుంది కూడా.

అన్నిటికంటే పెద్ద మార్పు చివరి 5 నిమిషాలది. బొమ్మ ఎంత రసపట్టులో ఉన్నా లేవడానికి 5 నిమిషాల ముందు బ్రష్ పక్కన పెట్టి, వచ్చేసారి కూర్చోగానే చేయాల్సిన మొట్టమొదటి పని ఒక చీటీ మీద రాసి బల్ల మీద పెట్టాలి. వినడానికి చాలా చిన్న విషయం. కానీ సరిగ్గా రాయడం రావడానికి మూడు వారాలు పట్టింది. మొదటి చీటీలు "పేజీ 6 పూర్తి చేయాలి", "చెట్లు చూడాలి" ఇలా ఉండేవి. చెట్లు చూసి ఏం చేయాలి? అలాంటి చీటీ చదివితే మళ్లీ ఆలోచనలో పడాల్సిందే. చేత్తో చేసే పని ఒకటి ఉండాలి, ఆలోచించకుండా మొదలుపెట్టేంత చిన్నది కావాలి అని చెప్పి, ఆమె చీటీలను నా ముందే మళ్లీ రాయించాను. నాలుగో వారంలో వచ్చిన చీటీ నా దగ్గర ఇంకా ఉంది: "పేజీ 6. గొడుగు కింద నీడ. అట్ట మీద 4వ రంగు, నీళ్లు ఎక్కువ. సన్న బ్రష్. ఎడమ వైపు నుంచి."

ఇంకొక్కటి, తప్పిపోయిన రోజు బాకీ కాదు. మంగళవారం కుదరకపోతే బుధవారం దాన్ని తీర్చే ప్రయత్నం చేయకూడదు, గురువారం తన వేళకు తాను కూర్చోవాలి అంతే. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చాలామంది నమ్ముతారు, ఆవిడా నమ్మింది, ఒక రోజు తప్పగానే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకునేది. ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో 96 మందిని 12 వారాలు గమనిస్తే, అలవాటు స్థిరపడటానికి మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వచ్చింది, మధ్యస్థ విలువ 66 రోజులు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదు. ఈ అంకెలు చెప్పాక ఆవిడ మొహంలో టెన్షన్ తగ్గడం నేను చూశాను.

12 వారాలు

మొత్తం 36 సార్లు కూర్చోవాలి, 27 సార్లు కూర్చుంది. శనివారాలు 12లో 10, మిగతావి 24లో 17.

మొదటి నాలుగు వారాల్లో ఒకే పేజీ అయింది, అదీ ఒకసారి చింపేసి మళ్లీ వేసింది. నాకు లోపల కంగారుగానే ఉంది. కానీ లాగ్ చూస్తే బ్రష్ సమయం పెరుగుతోంది. మొదట్లో మూడో వంతు ఉన్నది నాలుగో వారానికి సగం దాటింది. పేజీల లెక్క చూసుకుని ఉంటే అక్కడే ఇద్దరం వదిలేసేవాళ్లం.

5, 6 వారాలు పూర్తిగా పోయాయి. ఆఫీసులో ఆడిట్, అదే సమయంలో బాబుకు జ్వరం. 6 సార్లకు ఒక్కసారే కూర్చుంది, అప్పుడు కూడా ఏమీ వేయలేదు, చీటీ చదివి లేచిపోయింది. ఇంతకుముందైతే ఇలాంటి విరామం తర్వాత రెండు మూడు నెలలు బల్ల దగ్గరికే వెళ్లేది కాదట. ఏడో వారం మంగళవారం లైటు ఆర్పి, గుడ్డ తీసి, చీటీ చదివి, బ్రష్ తడిపేసరికి 4 నిమిషాలు. అది ఫోన్లో చెబుతూ ఆవిడ ఏడ్చింది. ఈ కేసులో అతి ముఖ్యమైన అంకె ఏదంటే నేను ఆ 4 నిమిషాలే చెబుతాను.

7 నుంచి 12 వారాల్లో 5 పేజీలు అయ్యాయి. కూర్చున్న సమయంలో ముప్పాతిక వంతు బ్రష్ కాగితం మీదే ఉంది. పేజీకి నికరంగా 3 గంటలు పడుతోందని తేలింది, దాంతో మిగిలిన వాటికి ఎంత కావాలో ఊహ మీద కాకుండా జరిగిన లెక్క మీద చెప్పగలిగాం. 12వ వారం ముగిసేసరికి మొత్తం 11 పేజీలు.

ఇంకా తేలనివి

ఇది ఒక్క మనిషి కథ. పైగా వేళలు, బల్ల, అట్ట, చీటీ అన్నీ దాదాపు ఒకేసారి మార్చాం, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఒక్క ఆధారం మాత్రం ఉంది. వేళలు, బల్ల మొదటి వారం నుంచే ఉన్నాయి, బ్రష్ సమయం బాగా పెరిగింది చీటీలు సరిగ్గా రాయడం వచ్చాకే. అందుకే ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, పరీక్షకు చదివేవాళ్లయినా, వాద్యం నేర్చుకునేవాళ్లయినా, ఎన్ని గంటలు దొరుకుతున్నాయని అడిగే ముందు కూర్చున్నాక అసలు పని మొదలవడానికి ఎన్ని నిమిషాలు పడుతోందని అడుగుతున్నాను. మూడు నాలుగు సార్లు నిమిషాల లెక్క రాయిస్తే చాలు, చాలావరకు అక్కడే కనిపిస్తుంది.

అందరికీ ఇది సరిపోదు. నిజంగానే వారానికి ఒక గంట కూడా మిగలని వాళ్లున్నారు, చంటిపిల్లలతోనో మంచాన పడ్డవాళ్లతోనో సతమతమయ్యేవాళ్లకు చీటీ రాసుకోమనడం అన్యాయం, అక్కడ ముందు కావలసింది ఇంకో మనిషి సాయం. ఏ పని మీదా ఆసక్తి లేదు, నిద్ర పట్టడం లేదు అనేవాళ్లను నేను ముందు డాక్టరు దగ్గరికి పంపుతాను. ఈవిడ విషయంలో ఆ రెండూ మొదటి రోజే అడిగి తెలుసుకున్నాను, మొదటి సెషన్‌లో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

పాత పేజీలు తెరవకూడదన్న రూలు మాత్రం ఇంకోసారి ఇంత గట్టిగా పెట్టను. రెండోసారి పాప దగ్గర కవరు తీసుకున్నప్పుడు మూడో పేజీ మొహం దిద్దడానికి కాదు, ఆ మొహం ఎలా వేసిందో చూసి 9వ పేజీలో అలాగే వేయడానికి. అవసరమే కదా. నెలకోసారి చూడొచ్చు, దిద్దకూడదు అని పెట్టి ఉంటే ఆమెకు దొంగతనంగా తీసుకోవాల్సిన పరిస్థితి వచ్చేది కాదు.

5 నెలల తర్వాత మళ్లీ మాట్లాడాను. మధ్యలో అత్తగారు ఆసుపత్రిలో ఉన్నందువల్ల నెలకు పైగా బల్ల మీద గుడ్డ తీయలేదట. 20 పేజీలు అయ్యాయి. ఆ నెలంతా చీటీ అక్కడే ఉందని, ఫోన్లోనే చదివి వినిపించింది: "పేజీ 21. పిల్లి తోకకు రెండో పూత. మొదటిది ఆరిందో లేదో వేలితో చూడు."